బయోమెడికల్ చదవబోయేవాళ్లకు మొండి సలహాలు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే వెబ్ ఆప్షన్ల దగ్గర ప్రతి ఇంట్లోనూ ఒకటే వరస. ముందు సీఎస్‌ఈ, దాని వెనకే ఏఐ, డేటా సైన్స్, తర్వాత ఈసీఈ. అడుగున ఎక్కడో, ఏదీ రాకపోతే చూద్దాం అన్నట్టు, బయోమెడికల్. ఆ బ్రాంచి గురించి చుట్టాల్లో ఒకరు "డాక్టరు చదువు లాంటిదేగా" అంటారు, ఇంకొకరు "దానికి ఉద్యోగాలెక్కడివి" అంటారు. ఇద్దరికీ తెలిసింది దాని పేరొక్కటే. నేను చాలాకాలంగా ఆసుపత్రుల్లో మెషీన్లు చూసుకునే పనిలో ఉన్నాను. నేను చెప్పబోయేవి కాలేజీ వాళ్లు, కన్సల్టెన్సీ వాళ్లు, మేనమామలు చెప్పేవాటికి అడ్డంగా ఉంటాయి. వినగానే పిల్లల్ని చెడగొట్టే మాటల్లా తోస్తాయి. మా ఇంటి పిల్లలకైనా ఇవే చెబుతాను.

మొదట పెట్టు, లేదా పెట్టనే పెట్టకు

"అన్నీ పెట్టేయ్, ఏదో ఒక సీటు పడుతుంది" అనేది మామూలు సలహా. బయోమెడికల్‌కు దాన్ని పాటించవద్దు. ఈ కోర్సు ఉన్న కాలేజీలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఉంది, నర్సాపూర్ బీవీఆర్‌ఐటీలో ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది, ఇంకొన్ని చోట్ల ఉంది. ఉన్న కాసిని సీట్లలో ఒకటి ఇష్టంలేని వాళ్లకు పడితే రెండు నష్టాలు. ఆ కుర్రాడు నాలుగేళ్లు విసుక్కుంటూ ఫిజియాలజీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ పరీక్షలు రాసి, ఆఖరికి కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోతాడు. ఈ పని కోసం తపించే ఇంకో పిల్ల సీటు దొరక్క బయటే ఉండిపోతుంది. అందుకే, ఇది కావాలనిపిస్తే మొదటి ఆప్షన్‌గా పెట్టు. అనిపించకపోతే జాబితాలోంచి కొట్టేయ్.

నీట్‌లో ర్యాంకు రాలేదన్న దిగులుతోనూ ఇటు రావద్దు. తెలంగాణలో బైపీసీ పిల్లలకు కూడా ఈ కోర్సులో దారి ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. తెల్లకోటు, స్టెతస్కోపు ఆశతో వచ్చినవాళ్లకు రెండో ఏడాదికే మనసు విరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ చదివేదంతా కరెంటు, లెక్కలు. ఈసీజీనే తీసుకో. గుండె కొట్టుకున్నప్పుడు చర్మం మీద దొరికే వోల్టేజి సుమారు ఒక మిల్లీవోల్టు. గోడల్లో, సీలింగులో పరుగెత్తే కరెంటు తీగల వల్ల మన ఒంటి మీదికి చేరే 50 హెర్ట్జ్ రొద దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ రొదను తోసేసి, ఆ ఒక్క మిల్లీవోల్టును చెడకుండా పైకి తీసి, కాగితం మీద గీతగా గీయాలి. రెండు చేతుల దగ్గరా సమానంగా ఉన్న రొదను ఆంప్లిఫయర్ ఎలా కొట్టేస్తుంది, మిగిలినదాన్ని కుడికాలి తీగ ద్వారా తిప్పి పంపి ఎలా తగ్గిస్తారు, ఏ ఫిల్టరు పెడితే రొదతో పాటు రోగం గుర్తు కూడా చెరిగిపోతుంది, ఇదీ ఈ చదువు. ఈ నాలుగు ముక్కలు చదివి నీకు ఉత్సాహం పుట్టిందా? అయితే నీది ఈ బ్రాంచే. పుట్టకపోతే నీట్ మళ్లీ రాయి, లేదా నర్సింగో, ఫిజియోథెరపీయో చూడు. రోగి దగ్గర నిలబడటమే నీ కోరికైతే అవే నీకు సరైనవి.

డబ్బు సంగతి దాచకూడదు. ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజినీరు మొదటి జీతం, సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి కుర్రాడి జీతం కంటే తక్కువే ఉంటుంది. పెద్ద కంపెనీల్లో సర్వీస్ ఇంజినీరుగా కుదిరితే నయం, అక్కడికి చేరడానికీ కొన్నేళ్లు పడుతుంది. అమ్మానాన్నలకు నా మనవి: ఇంటి మీద అప్పుండి, డిగ్రీ అవ్వగానే పిల్లల జీతం కోసం ఎదురుచూసే పరిస్థితి అయితే ఈ బ్రాంచి వద్దు. అందులో తప్పేం లేదు. నాలుగైదేళ్లు ఓపిక పట్టగలిగితే మాత్రం అడ్డు చెప్పకండి.

ప్లేస్‌మెంట్ల పట్టిక పక్కన పెట్టు, స్క్రూడ్రైవర్ ఎక్కడుందో అడుగు

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ ప్యాకేజీలు అడుగుతారు. ఆ పట్టికలో బయోమెడికల్ పిల్లలు కూడా ఐటీ కంపెనీల్లో చేరినట్టే ఉంటుంది, దాంతో నీకేం తెలుస్తుంది? నువ్వు ల్యాబుకు వెళ్లు. ఈసీజీ మెషీన్ వెనక మూత స్క్రూల తలలు అరిగి ఉన్నాయా, కొత్తగా మెరుస్తున్నాయా చూడు. అరిగి ఉంటే అక్కడ పిల్లలు మెషీన్లు విప్పుతున్నారు. మెరుస్తుంటే అవి ఇన్‌స్పెక్షన్ రోజు కోసం పెట్టిన బొమ్మలు. పాడైపోయిన పాత మానిటర్లు నాలుగు బల్ల మీద విప్పి పడేసి ఉన్న ల్యాబు, అద్దాల బీరువాలో కోటి రూపాయల సరుకున్న ల్యాబు కంటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

రెండో ప్రశ్న: ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, పిల్లల్ని ఎన్నో ఏడాది నుంచి వార్డులోకి పంపుతారు? ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు కోసం పంపుతాం అంటే అది ఆలస్యం. ర్యాంకింగ్‌లో కిందున్న కాలేజీ అయినా సరే, పక్కనే పెద్దాసుపత్రి ఉండి, రెండో ఏడాది నుంచే అందులో తిరగనిస్తే నేను దానికే ఓటు వేస్తాను.

కొత్తది కనిపెట్టే తొందర వద్దు, పాతది బాగుచెయ్యి

ఇప్పుడు ఏ కాలేజీలో అడుగుపెట్టినా ఇన్నోవేషన్ సెల్, స్టార్టప్, పేటెంట్, హ్యాకథాన్. మొదటి ఏడాది పిల్లలు కూడా నాలుగు సెన్సర్లు బోర్డుకు తగిలించి "స్మార్ట్ హెల్త్ మానిటరింగ్ సిస్టమ్" అంటూ పోస్టరు అంటిస్తారు. వాళ్ల ఉత్సాహాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పోస్టరు అంటించిన గోడకు రెండు కిలోమీటర్ల దూరంలో, సర్కారు ఆసుపత్రి స్టోర్‌రూములో, కొన్న రోజున మహా గొప్పగా పనిచేసిన మెషీన్లు దుమ్ము పట్టి ఉంటాయి. 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రాల్లోని పరికరాల లెక్క తీసినప్పుడు 29 వేలకు పైగా ఆరోగ్య కేంద్రాల్లో ఏడున్నర లక్షల పరికరాలు తేలాయి. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదు. ఆ పరికరాల మెయింటెనెన్స్‌కు పథకం ఆ తర్వాతే వచ్చింది. ఆసుపత్రి పరికరాల మీద టోల్‌ఫ్రీ నంబరు స్టిక్కర్లు కనబడటం అప్పట్నుంచే.

అవి ఎందుకు పాడవుతాయి? అందరూ లోపల చిప్పు కాలిపోయిందనుకుంటారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2010లో ఒక పరిశీలన ప్రచురించారు. పేద దేశాల ఆసుపత్రుల్లో రిపేరుకు వచ్చిన 2,849 పరికరాల వివరాలు చూస్తే, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులను కేవలం 107 చిన్నచిన్న నైపుణ్యాలతో మళ్లీ వాడుకలోకి తేవచ్చని తేలింది. అవన్నీ ఎలక్ట్రికల్ పని, మెకానికల్ పని, పవర్ సప్లై, ప్లంబింగ్, మోటర్లు, వాడేవాళ్లకు నేర్పడం అనే కోవకు చెందినవి. వార్డులో నేను చూసేదీ అదే. సక్షన్ మెషీన్ లాగట్లేదంటే చాలాసార్లు సీసా మూత కింద రబ్బరు వాషర్ ఎండి చిట్లి ఉంటుంది. బీపీ రావట్లేదంటే కఫ్ దగ్గర ట్యూబు లీకు. ఆక్సిజన్ శాతం చూపట్లేదంటే ప్రోబ్ తీగ మెడ దగ్గర తెగి ఉంటుంది. వెంటిలేటర్ అలారం ఆగకపోతే ఆక్సిజన్ సెల్ ఆయువు తీరి ఉంటుంది. మానిటర్ ఆన్ అవ్వకపోతే లోపలి పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) చూడాలి, దానికన్నా ముందు ఫ్యూజు చూడాలి, దానికన్నా ముందు గోడ మీద స్విచ్చు చూడాలి.

చిన్న పనులే కదా అని తీసిపారేయకు. నవజాత శిశువుల వార్డులో రేడియంట్ వార్మర్ ఉంటుంది. బిడ్డ పొట్ట మీద ఒక ప్రోబ్ అంటిస్తారు, ఒంటి వేడి 36.5 డిగ్రీల దగ్గర నిలవాలని మెషీన్‌కు చెబుతారు. వేడి తగ్గితే హీటరు పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. టేపు ఊడి ప్రోబ్ పక్కకు జారిందనుకో. మెషీన్‌కు తెలిసేది గాలి వేడే. బిడ్డ చల్లబడిపోతోందనుకుని హీటరును ఇంకా పెంచుతుంది, కింద బిడ్డ కాలిపోతుంటుంది. బిడ్డ బోర్లా తిరిగి ప్రోబ్ ఒంటి కింద నలిగితే ఇందుకు ఎదురు: బిడ్డ వెచ్చగా ఉందనుకుని మెషీన్ హీటరు తగ్గిస్తుంది, బిడ్డ చల్లబడుతుంది. రెండు సందర్భాల్లోనూ మెషీన్‌లో ఏ లోపమూ లేదు. చెయ్యాల్సిందల్లా ప్రోబ్ ఎక్కడ అంటించాలో, గంటకోసారి ఎందుకు చూడాలో సిస్టర్లకు చెప్పడం, డ్యూటీ మారినప్పుడల్లా మళ్లీ చెప్పడం, టేపు అయిపోకుండా స్టోర్స్ వెంట పడటం. దీన్ని ఇంజినీరింగ్ అనరేమో అని నీకు అనుమానం వస్తే, ఆ వార్డులో ఒక రాత్రి నిలబడి చూడు.

బాగుచెయ్యడం నేర్చుకున్నవాడు కొత్తది చేస్తే ఆ వస్తువు తీరే వేరుగా ఉంటుంది. తీగ ఎక్కడ తెగుతుందో తెలుసు కాబట్టి అక్కడ బలం పెడతాడు. కరెంటు వోల్టేజి ఎంత ఊగుతుందో తెలుసు కాబట్టి తట్టుకునేలా కడతాడు. అందుకే నా సలహా మొదటి రెండేళ్లు ఒక్క ప్రాజెక్టు పోస్టరు కూడా వెయ్యవద్దనే.

ఏఐ కన్నా ముందు ఎర్తింగ్

ఎక్స్‌రే చదివే సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి, ఆ కోర్సులు చేసుకో, వద్దనను. అంతకన్నా ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్ వెంట తిరుగు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎక్కడిదాకా వెళ్తుందో, ఆసుపత్రి వెనక ఎర్త్ పిట్ ఎక్కడుందో, అందులో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో తెలుసుకో. మామూలుగా చేతికి ఒక మిల్లీఆంపియర్ కరెంటు తగిలితే చిన్న చిమచిమ. అదే రోగి గుండె దాకా క్యాథెటర్ తీగ వెళ్లి ఉంటే, చర్మం అడ్డు లేదు కాబట్టి, అందులో పదో వంతు కన్నా తక్కువ కరెంటు కూడా గుండె లయను చెదరగొట్టగలదు. గుండెకు నేరుగా తగిలే పరికరాల లీకేజి మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం పెట్టింది అందుకే. ఆ కరెంటు కంటికి కనబడదు, ముట్టుకున్న సిస్టర్‌కు తెలియదు. దాన్ని కొలిచే మనిషి ఆసుపత్రి మొత్తం మీద ఒక్కరే, బయోమెడికల్ ఇంజినీరు.

స్క్రీన్ మీది అంకెను అనుమానించు

కరోనా రెండో వేవ్‌లో మన ప్రతి ఇంట్లోనూ పల్స్ ఆక్సీమీటర్ ఉండేది. 94 అంటే ఊపిరి పీల్చుకున్నాం, 90 అంటే బెడ్ కోసం పరుగెత్తాం. జపాన్ ఇంజినీరు తకువో ఆయోగి 1970ల మొదట్లో ఇచ్చిన ఆలోచన మీద అది నడుస్తుంది. వేలు గుండా ఎర్రని కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ రెండు కాంతులనూ ఎంతెంత పీల్చుకున్నాయో చూసి వేరుచేస్తుంది. ఎంత అందమైన ఆలోచనో, చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ కాంతి నిష్పత్తిని శాతంగా మార్చే పట్టికను ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ పీల్పించి తయారుచేస్తారు. మనుషుల్ని 70 శాతం కిందికి దించడం ప్రమాదం కాబట్టి అక్కడ ఆపుతారు. ఆ కిందున్న అంకెలన్నీ ఊహించి పొడిగించినవే. ఆ వాలంటీర్ల చర్మం రంగు కూడా లెక్కలోకి వస్తుంది. 2020లో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు చూస్తే, ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా రక్తపరీక్షలో 88 కన్నా తక్కువ తేలిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. మన చర్మం రంగులు గుర్తు తెచ్చుకుని ఈ లెక్క మళ్లీ చదువు.

థెరాక్-25 కథ కూడా క్లాసులో ఎవరూ చెప్పకపోతే నువ్వే వెతికి చదువుకో. 1985, 1987 మధ్య అమెరికాలో, కెనడాలో క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే ఆ మెషీన్ ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది. కొందరు చనిపోయారు. పాత మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి ప్రోగ్రామును నమ్మారు. ఒళ్లు కాలిందని రోగులు చెప్పినా, మెషీన్ అలా చెయ్యదని జవాబు వచ్చింది. నీ ఉద్యోగంలో ఎప్పుడైనా రోగి ఒక మాట, స్క్రీన్ ఇంకో మాట చెబితే, ముందు రోగి మాట నిజమనుకుని పని మొదలుపెట్టు. డాక్టర్ల ముందు పరువు పోయినా ఫర్వాలేదు.

గురువు వర్క్‌షాపులో ఉంటాడు

పెద్ద ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు చెయ్యాలని అందరూ తాపత్రయపడతారు. నువ్వు చేతిపని తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లు. 1960ల చివర జైపూర్ ఎస్‌ఎంఎస్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేథీ అనే ఎముకల సర్జన్ ఉండేవారు, రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు ఉండేవారు. అప్పటి విదేశీ కృత్రిమ పాదం బూటు లేనిదే పనికొచ్చేది కాదు, దాంతో గొంతుక్కూర్చోవడం కుదరదు, పొలంలో దిగడం కుదరదు. వాళ్లిద్దరూ కలిసి వల్కనైజ్ చేసిన రబ్బరుతో చేసిన పాదం బురదలో నడిచింది, చెట్టెక్కింది. సేథీకి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది, శర్మ పేరు తెలిసినవాళ్లు తక్కువ. నన్నడిగితే బయోమెడికల్ పిల్లలు ముందు నేర్చుకోవాల్సింది ఆయన పేరే.

మన హైదరాబాదులోనూ అలాంటి పని జరిగింది. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేతిలో పట్టుకుని చూసిన నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు, అబ్దుల్ కలామ్‌ను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న క్యాలిపర్లు కాళ్లకు తగిలించుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. డీఆర్‌డీవో వాళ్లు 300 గ్రాముల్లో చేసి ఇచ్చారు. దానికి మొదలు వార్డుకు వెళ్లి చూడటమే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. "సర్వీస్ ఇంజినీరు పని మగపిల్లలది, అమ్మాయికి ఆఫీసులో కూర్చునే పని చూడు" అంటారు. అమ్మాయిని ఫీల్డుకే పంపండి. లేబర్ రూములో, మామోగ్రఫీ గదిలో, సిస్టర్ల మధ్య పనిచేసే చోట మగ ఇంజినీరు బయట కారిడార్లో గంటలకొద్దీ ఎదురుచూస్తాడు. అమ్మాయి నేరుగా లోపలికి వెళ్లి పని మొదలుపెడుతుంది.

ఇక డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే త్వరగా ముగిసే పనులు వెతుక్కోకు. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, ఇంజినీర్లు కలిసి చేసిన గుండె కవాటం మనిషిలో మొదటిసారి అమర్చింది 1990లో. అంతకు ముందు పదేళ్లకు పైగా పని జరిగింది. తొలి మోడళ్లు విఫలమయ్యాయి. కవాటంలో తెరుచుకుని మూసుకునే నీలమణి డిస్కు జంతువు గుండెలో పగిలింది. ఆఖరికి నిలబడింది ప్లాస్టిక్ డిస్కు. నిమిషానికి 75 సార్లు తెరుచుకుని మూసుకుంటే ఏడాదికి దాదాపు నాలుగు కోట్ల సార్లు, అలా దశాబ్దాలు అరగకుండా ఉండాలి. అంత పరీక్ష తొందరగా అయ్యేది కాదు. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ఇప్పుడే చదివి పెట్టుకో. 2020 ఏప్రిల్ నుంచి పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఆ భాష తెలిసినవాళ్ల అవసరం ఉంది. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌కు ఒకసారి వెళ్లి, అక్కడ టెస్టింగ్ ఎలా చేస్తారో చూసిరా.

ఇప్పుడు వెంటనే చెయ్యాల్సినవి. లాప్‌టాప్ కన్నా ముందు ఒక మంచి మల్టీమీటర్ కొనుక్కో, సోల్డరింగ్ నేర్చుకో. మొదటి ఏడాది వేసవిలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లకుండా, మీ జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు కాలేజీ లెటర్ ఇచ్చి, బయోమెడికల్ వాళ్ల వెంట తిరగనివ్వమని అడుగు. వార్డు నుంచి వచ్చిన మెషీన్ ఏదైనా గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, ముందు తుడిపించు. ప్లగ్గు తీశాకే మూత విప్పు. ఇంత మొండిగా అన్నీ విప్పమన్న నేను ఒక్కదాన్ని మాత్రం విప్పవద్దంటాను: డీఫిబ్రిలేటర్. ప్లగ్గు తీసినా, బ్యాటరీ తీసినా, లోపలి కెపాసిటర్‌లో మనిషిని చంపే చార్జి మిగిలి ఉండవచ్చు. దాన్ని ఎలా డిస్చార్జి చెయ్యాలో తెలిసిన సీనియర్ పక్కన నిలబడి, "ఇప్పుడు తియ్" అనేదాకా ఆ స్క్రూ మీద చెయ్యి వెయ్యకు.